తొలి గ్రహయాత్రల వైఫల్యములు – ఒక విమర్శ

గ్రహాంతర యాత్రలను గూర్చిన పుస్తకములలో చివర ఒక పట్టికను చేర్చుట వాడుక. అందు మొదటి గడిలో నౌక పేరు, తరువాత ప్రయోగించిన తేదీ, అది చేరవలసిన గ్రహము, కడపటి గడిలో ఫలితము ఉండును. 1960 మొదలు 1971 వరకు గల భాగమును చూచినచో ఆ కడపటి గడిలో మాటిమాటికి కనిపించునది ఒక్క మాటయే: "విఫలము". పాఠకుడు ఆ మాటను చదివి, కొంచెము జాలిపడి, విజయములున్న గళ్లను వెదకుకొనుచు ముందునకు సాగిపోవును. గ్రంథకర్తయు పీఠికలో అపజయమే విజయమునకు తొలిమెట్టని ఒక నీతివాక్యము వ్రాసి, తన పని తీరినదని భావించును.

ఈ రెండు పద్ధతులును సరియైనవి కావు. "విఫలము" అను ఒక్క మాట క్రింద కనీసము మూడు రకముల దోషములు దాగియున్నవి. నౌకను మోసికొనిపోవు రాకెట్టు చెడుట ఒకటి. నౌకయే దారిలో చెడుట రెండవది. రాకెట్టును నౌకయు బాగుగనే పనిచేసినను, చేరవలసిన గ్రహమును గూర్చి మనుష్యులు ఊహించినది తప్పగుట మూడవది. వీనికి చికిత్స ఒకటి కాదు. ఇక అపజయము దానంతట అది మెట్టు కాదు. కారణమును కనుగొని, దానిని దాచక చెప్పి, సరిదిద్దుటకు వ్యవధి కలిగినప్పుడే అది మెట్టగును. ఆ మూడింటిలో ఏది లోపించినను అది వట్టి పాటు మాత్రమే. తొలి పండ్రెండేండ్ల చరిత్రయే ఇందుకు సాక్ష్యము.

ఏ గ్రహమునకైనను తలచిన రోజున నౌకను పంపుటకు వీలులేదు. భూమియు ఆ గ్రహమును సూర్యుని చుట్టు తిరుగుచు తగిన స్థానములకు వచ్చినప్పుడు మాత్రమే రాకెట్టు శక్తి ఆ ప్రయాణమునకు చాలును. శుక్రుని విషయములో అట్టి అదను సుమారు 19 నెలలకు ఒకసారియు, కుజుని విషయములో సుమారు 26 నెలలకు ఒకసారియు వచ్చును. వచ్చినను కొలది వారములే నిలుచును. కార్తె తప్పిన విత్తనమువలె, అదను తప్పిన నౌక మరల ఏడాదిన్నర, రెండేండ్లు కొట్టులో పడియుండవలసినదే. అందుచేత రెండు దేశములవారును ఒకే అదనులో జంట నౌకలను పంపు పద్ధతిని అవలంబించిరి. ఒకటి పోయినను రెండవది మిగులునని వారి లెక్క. ఈ లెక్క ఎప్పుడు ఫలించినది, ఎప్పుడు ఫలింపలేదు అని పరిశీలించుటయే ఈ చరిత్రను చదువుటకు సరియైన మార్గము.

కుజునివైపు మొదటి జంటను పంపినది సోవియట్ యూనియన్. 1960 అక్టోబరు 10న ఒక నౌకను, 14న రెండవ నౌకను ప్రయోగించిరి. రెండింటిలోను రాకెట్టు మూడవ దశ తన పని నెరవేర్చలేదు. నౌకలు భూకక్ష్యనైనను చేరలేదు. నడుమ ఉన్నది నాలుగు రోజులు. మొదటి దాని శకలములు చెప్పు కథను విని, పరీక్షించి, రెండవ దానిని సవరించుటకు నాలుగు రోజులు చాలవు. జంట నౌక అనునది ఇచ్చట రెండవ అవకాశము కాలేదు. మొదటి నష్టమును రెట్టింపు చేసినది. సోవియట్ పత్రికలు ఈ రెండు ప్రయోగములను గూర్చి ఒక్క ముక్కయైనను వ్రాయలేదు.

1961 ఫిబ్రవరి 4న శుక్రుని ఉద్దేశించి పంపిన నౌక భూకక్ష్యలో చిక్కుకొనిపోయెను. దానిని 6,483 కిలోగ్రాముల భారీ స్పుత్నిక్ అని లోకమునకు చాటిరి. శుక్రుని మాట ఎత్తలేదు. అపజయమునకు విజయపు పేరు పెట్టుట ఇట్లు మొదలైనది. తరువాత ఇది ఒక ఆచారముగ స్థిరపడెను. భూకక్ష్యను విడిచి వెళ్లిన నౌకకే "వెనెరా" యనియో "మార్స్" అనియో పేరును, అంకెయు లభించును. కక్ష్యలో చిక్కిన దానికి "కాస్మోస్" అను సాధారణ నామము వచ్చును. 1964 నాటి కాస్మోస్ 27, 1965 నాటి కాస్మోస్ 96, 1967 నాటి కాస్మోస్ 167, 1970 నాటి కాస్మోస్ 359 ఇవన్నియు శుక్రుని చేరవలసిన నౌకలే. కావున వెనెరా 1 నుండి 7 వరకు అంకెలు వరుసగా ఉన్నవి గదా యని, ఏడు నౌకలనే పంపిరని తలచు పాఠకుడు మోసపోవును. పట్టికలోని అంకెలు లెక్కించినవి ప్రయత్నములను కాదు, చెప్పుకొనదగిన వానిని మాత్రమే.

1961 ఫిబ్రవరి 12న బయలుదేరిన వెనెరా 1 నిజముగ శుక్రునివైపు సాగెను. కాని వారము రోజులకే దాని రేడియో మూగపోయెను. ఈ సందర్భములో సోవియట్ శాస్త్రజ్ఞులు చేసిన ఒక పని గమనింపదగినది. ఇంగ్లండులోని జోడ్రెల్ బ్యాంకు వద్ద గల పెద్ద రేడియో దూరదర్శిని సహాయమును కోరి, ఆ సంవత్సరము జూనులో తమ వారిని అచటికే పంపిరి. నౌక దొరకలేదు. అయినను, చెప్పుకొన్న అపజయమునకే సహాయము లభించునని, దాచుకొన్న దానికి పొరుగువాడైనను చేయి ఈయలేడని ఈ చిన్న సంఘటన తెలుపుచున్నది.

అమెరికా మొదటి జంట కథ వేరు విధముగ నడచినది. 1962 జూలై 22న మేరినర్ 1 కేప్ కెనావరల్ నుండి శుక్రునకు బయలుదేరెను. దారి తప్పుచున్న ఆ రాకెట్టును సుమారు 293 సెకండ్లకు భద్రతాధికారి పేల్చివేయవలసి వచ్చెను. ఈ ప్రమాదమునకు ఒక హైఫను లోపించుటయే కారణమని, ఒక చిన్న గీత కోటికి పైగా డాలర్లను మింగినదని ఒక కథ ప్రచారములోనికి వచ్చి, నేటికిని పుస్తకమునుండి పుస్తకమునకు ప్రాకుచున్నది. కథ పూర్తిగ అబద్ధము కాదు; పూర్తిగ నిజమును కాదు. రాకెట్టుపైనుండి భూమికి సంకేతములందించు రేడియో పరికరము సరిగ పనిచేయలేదు. ఆ సమయములో భూమిపైనున్న గణకయంత్రము పనికిరాని సంకేతములను విడిచిపెట్టవలసియుండెను. దానికిచ్చిన ఆదేశములలో ఒక గుర్తు లోపించుటచే అది వానిని నిజమని నమ్మి, తప్పు ఆజ్ఞలు పంపెను. ఆ గుర్తు హైఫనా, అక్షరము నెత్తిన గీయు అడ్డగీతయా అను విషయములో గ్రంథములు ఏకీభవించుట లేదు. ప్రధానమైనది అది కాదు. ఒకటి యంత్రదోషము, రెండవది వ్రాతదోషము. రెండును ఒకే క్షణమున కలిసినప్పుడే నౌక పోయినది. హైఫను కథ ఈ రెండవ సగమును మాత్రమే చెప్పి, పాపమంతయు పేరులేని ఒక గుమాస్తా నెత్తిన రుద్దును. వినుటకు ఇంపుగ నుండును గాని, దాని వలన ఇంజనీరు నేర్చుకొనునది ఏమియు లేదు.

విచారణ సంఘము మాత్రము కారణములను త్వరగ కనుగొనెను. 36 రోజుల తరువాత, ఆగస్టు 27న, అదే తీరు నౌకయగు మేరినర్ 2 బయలుదేరెను. దారిలో అదియు ఎన్నో కష్టములపాలైనది. ఒక సౌరఫలకము చెడెను, పరికరములు మితిమీరి వేడెక్కెను. అయినను డిసెంబరు 14న శుక్రునికి సుమారు 34,800 కిలోమీటర్ల దూరమున పోవుచు వార్తలు పంపెను. పరగ్రహమును సమీపించి ఫలితము తెచ్చిన మొదటి నౌక అదియే. సరిగ్గ అదే అదనులో, ఆగస్టు 25న, సెప్టెంబరు 1న, 12న సోవియట్ యూనియన్ మూడు నౌకలను శుక్రునకు పంపి, మూడింటిని భూకక్ష్యలోనే కోల్పోయెను. పందొమ్మిది రోజులలో మూడు నష్టములు. ప్రకటన ఒక్కటియు లేదు. వీనిని అమెరికా రోదసీ సంస్థయగు నాసా అధిపతి జేమ్స్ వెబ్ ఆ సెప్టెంబరులోనే తమ చట్టసభకు వ్రాసిన లేఖలో బయటపెట్టెను. అనగా పోటీదారునకు తెలిసిన సంగతి సొంత దేశపు విద్యార్థికి తెలియకపోయెను. దాపరికము ఎవరినుండి దాచినట్లు?

1964లో కుజునికై పంపిన అమెరికా జంటలోను ఇదే క్రమము కనిపించును. నవంబరు 5న బయలుదేరిన మేరినర్ 3 ముందుభాగమును కప్పిన తొడుగు ఊడిరాలేదు. తొడుగులో బందీయైన నౌక సౌరఫలకములను విప్పుకొనలేక, బ్యాటరీలు అడుగంటి, కొన్ని గంటలలో మరణించెను. తొడుగును చేసిన పదార్థమే లోపమునకు మూలమని తేల్చి, లోహముతో క్రొత్త తొడుగును నిర్మించి, 23 రోజులకు మేరినర్ 4ను పంపిరి. అది 1965 జూలైలో కుజుని ప్రక్కగా పోవుచు 21 చిత్రములను తీసెను. అందు కాలువలు లేవు, పచ్చికబయళ్లు లేవు. చంద్రుని మీదివంటి గుంటలు కనిపించెను. ఇట్లు జంట నౌకల పద్ధతి ఫలించిన రెండు సందర్భములలోను రెండు నౌకల నడుమ కొన్ని వారముల వ్యవధియు, ఆ వ్యవధిలో నిర్మొగమాటముగ సాగిన విచారణయు ఉన్నవి.

ఇంతవరకు చెప్పినవి రాకెట్టు దోషములు, నౌకా దోషములు. మూడవ రకమగు జ్ఞానదోషమునకు శుక్రుడే తగిన ఉదాహరణ. ఎల్లప్పుడు మేఘములచే కప్పబడియుండు ఆ గ్రహముపై సముద్రములుండవచ్చునని చాలకాలము కొందరు శాస్త్రజ్ఞులు తలచిరి. 1967లో సోవియట్ వారు పంపిన వెనెరా 4 దిగుడు గోళము ఒకవేళ నీటిలో పడినచో తేలునట్లు నిర్మింపబడినది. నీరు తగిలినచో కరగునట్లు పంచదారతో చేసిన ఒక బిగింపును సైతము అందమర్చిరి. ఇది పరిహసింపదగినది కాదు. తెలియని చోటికి పోవువాడు అన్నింటికి సిద్ధపడి పోవుటయే వివేకము. అంతకు ముందు అదనున పంపిన వెనెరా 2, 3 రెండును శుక్రుని సమీపించు వేళకే మూగపోయినవి. వెనెరా 3, 1966 మార్చి 1న పరగ్రహమును తాకిన మొదటి మానవనిర్మిత వస్తువుగ పేరొందినను, ఒక్క వార్తయైనను పంపలేదు. ఆ లోపములను సరిదిద్దిన మీదటనే వెనెరా 4 జయించినది.

1967 అక్టోబరు 18న అది శుక్రుని వాతావరణములో దిగుచు సుమారు 93 నిమిషములు వార్తలు పంపెను. అచటి గాలిలో అత్యధిక భాగము బొగ్గుపులుసు వాయువని మొట్టమొదట తెలిపినది అదియే. ఇది నిస్సందేహముగ ఘనవిజయము. కాని ఆ విజయమును ప్రకటించిన తీరులో దోషము కలదు. వార్తలు ఆగిపోయిన క్షణమున నౌక నేలను తాకినదని, కావున శుక్రుని ఉపరితల పీడనము భూతల పీడనమునకు సుమారు 20 రెట్లని వారు ప్రకటించిరి. ఎత్తును కొలుచు రేడియో పరికరము ఇచ్చిన సంకేతమునకు రెండు అర్థములు పొసగును. వారు తక్కువ ఎత్తును ఎంచుకొనిరి. మరునాడే, అక్టోబరు 19న, అమెరికా వారి మేరినర్ 5 శుక్రుని ప్రక్కగా పోవుచు తన రేడియో తరంగములతో ఆ వాతావరణమును పరీక్షించెను. రెండు నౌకల కొలతలను, భూమినుండి రాడారు ద్వారా కొలిచిన శుక్రుని వ్యాసార్ధమును సరిపోల్చగా లెక్క కుదురలేదు. వెనెరా 4 నేలను చేరనేలేదు. ఇంకను సుమారు 25 కిలోమీటర్ల ఎత్తున ఉండగనే దాని గొంతు ఆగినది. నేలపై పీడనము 75 మొదలు 100 రెట్ల వరకు ఉండవలెను. కొంత వాదోపవాదము జరిగిన పిమ్మట సోవియట్ శాస్త్రజ్ఞులును దీనిని అంగీకరించిరి.

ఇచ్చట విమర్శకు తగినది నౌక కాదు, ప్రకటన. కొలత చెప్పినంత చెప్పి ఊరుకొనక, కొలత చెప్పని దానిని జోడించుటయే పొరపాటు. 1969 జనవరిలో బయలుదేరిన వెనెరా 5, 6 గోళములు 25 రెట్ల పీడనమునకు మాత్రమే తట్టుకొనగలవు. మే 16, 17 తేదీలలో అవి 53, 51 నిమిషములు వార్తలు పంపి, నేలకు సుమారు 18 కిలోమీటర్ల ఎత్తున నలిగిపోయినవి. రాకెట్టు చెడలేదు, నౌక చెడలేదు, జంట పద్ధతి లోపింపలేదు. రెండును ఒకేవిధముగ, దాదాపు ఒకే ఎత్తున పోయినవి. జ్ఞానదోషమునకు జంట నౌక మందు కాదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు. ఒకే తప్పు లెక్కను రెండు పలకల మీద వ్రాసినంత మాత్రమున అది ఒప్పగునా?

ఈసారి పాఠము సంపూర్ణముగ గ్రహించిరి. వెనెరా 7 గోళమును 180 రెట్ల పీడనమునకు తట్టుకొనునట్లు నిర్మించిరి. 1970 డిసెంబరు 15న అది దిగుచుండగ పారాచూటు చెడెను. గోళము వేగముగ నేలను ఢీకొనెను. రేడియో ఆగిపోయినట్లే కనిపించెను. ఆనాడే పట్టికలో వ్రాసియున్నచో అదియు "విఫలము" అయియుండెడిది. కాని శాస్త్రజ్ఞులు పట్టువిడువక, రికార్డు చేసిన నాదములను మరల పరిశీలించిరి. గరగరధ్వని నడుమ, నూరవ వంతు బలముతో, 23 నిమిషములపాటు గోళము పలుకుచునేయున్నదని తేలెను. మీట ఒకటి చిక్కుకొనుటచే అది ఉష్ణోగ్రతను మాత్రమే మరల మరల తెలిపినది: సుమారు 475 సెంటీగ్రేడు డిగ్రీలు. పీడనమును దానినుండియే లెక్కకట్టవలసి వచ్చెను. అది సుమారు 90 రెట్లు. పరగ్రహపు నేలపైనుండి భూమికి వచ్చిన మొదటి వార్త ఇదియే. సగము చెడిన యంత్రము, సహనముగల చెవి కలిసి సాధించిన ఫలితమిది.

1971లో కుజుని అదను మూడు రకముల దోషములను ఒకేచోట చూపినది. మే నెలలో అమెరికా మేరినర్ 8 రాకెట్టు దోషముచే సముద్రము పాలాయెను. 21 రోజులకు మేరినర్ 9 బయలుదేరి, పోయిన దాని పనిని కూడ తన నెత్తిన వేసికొనెను. అదే మే నెలలో సోవియట్ నౌక ఒకటి భూకక్ష్యలో చిక్కి కాస్మోస్ 419 అను పేరు పొందెను. కడపటి దశ ఇంజను ఒకటిన్నర గంటకు వెలుగవలసియుండగ, గడియారమునకు ఒకటిన్నర సంవత్సరమని అందించిరి. మేరినర్ 1లో ఒక గుర్తు, ఇచ్చట ఒక అంకె. మానవహస్తము చేయు తప్పునకు జాతిభేదము లేదు. కాని మొదటిది లోకమంతట నవ్వులపాలైనది. రెండవది ఏండ్ల తరబడి ఎవరికిని తెలియలేదు. తప్పు ఒప్పుకొన్నవాడు నగుబాటు పొందెను, దాచినవాడు గౌరవము నిలుపుకొనెను. దాపరికము వైపు ప్రభుత్వములను లాగునది ఈ అన్యాయపు లెక్కయే. హైఫను కథను చెప్పి నవ్వు గ్రంథకర్తలు తెలియకయే ఆ లెక్కను బలపరచుచున్నారు.

ఆ సంవత్సరాంతమున కుజునంతటిని ధూళితుపాను కప్పివేసెను. నవంబరులో కక్ష్య చేరిన మేరినర్ 9 క్రొత్త ఆదేశములను స్వీకరింపగలది గనుక, తుపాను తగ్గువరకు వేచియుండి, తరువాత గ్రహమంతటిని చిత్రించెను. సోవియట్ నౌకలగు మార్స్ 2, 3లకు అట్టి వెసులుబాటు లేదు. ముందుగ నిర్ణయించిన ప్రకారము అవి తుపానులోనికే గోళములను దింపినవి. నవంబరు 27న మార్స్ 2 గోళము కూలిపోయెను. డిసెంబరు 2న మార్స్ 3 గోళము మెల్లగ దిగి, కుజునిపై సురక్షితముగ దిగిన మొదటి యంత్రమై, ఇరువది సెకండ్లైనను పలుకకమునుపే మూగపోయెను. తెలియనిది ఎదురగునని ముందే ఒప్పుకొని, మార్పునకు చోటు విడిచిన యంత్రము గెలిచినది. అంతయు తెలిసినట్లు సాగిన యంత్రము ఓడినది.

దీనినిబట్టి సోవియట్ ఇంజనీర్లు తక్కువవారని తలచుట పొరపాటు. పలుమార్లు పడియు తుదకు శుక్రుని నేలను చేరిన ఆ పట్టుదల ఎవరికైనను శిరోధార్యమే. వారిలో ఒకరగు బోరిస్ చెర్టోక్ సోవియట్ యూనియన్ అంతరించు కాలమునుండి వ్రాసిన జ్ఞాపకములలో ఆ అపజయములను దాచక వర్ణించెను. ప్రయోగశాల లోపల వారును కారణములను వెదకిరి, సరిదిద్దిరి. లోపము ఆ గోడల వెలుపల ఉన్నది. తెలిసిన కారణము ఇతరులకు చేరనీయకపోవుట వలన, విజ్ఞానమునకు రావలసిన లాభము ముప్పది ఏండ్లు ఆలస్యమైనది.

భారతదేశమును ఈ చరిత్రకు వెలిగా లేదు. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుండి బయలుదేరిన మంగళయాన్, 2014 సెప్టెంబరు 24న కుజుని కక్ష్యలో ప్రవేశించెను. మొదటి ప్రయత్నములోనే గెలిచితిమను మాట తెలుగునాట ప్రతి పాఠశాలలోను వినిపించును. ఆ మాట నిజమే, కాని అర్ధసత్యము. అరువది అయిదేండ్ల ఇతరుల పాట్లు కాకున్నను, అరువదిలో మొదలైన ఇతరుల పాట్లు గ్రంథస్థమై అందుబాటులో నుండుట ఆ విజయమునకు పునాదులలో ఒకటి. అంతేకాదు. 2013 నవంబరు 11న నౌక కక్ష్యను పెంచు యత్నములో ఇంజనునకు ఇంధనప్రవాహము ఆగి, లక్ష కిలోమీటర్లు చేరవలసిన ఎత్తు సుమారు 78 వేల దగ్గరనే నిలిచెను. ఆ సంగతిని, దాని కారణమును సంస్థ వెంటనే ప్రకటించి, మరునాడే లోటును పూరించెను. విద్యార్థులకు చెప్పవలసిన కథలో ఈ ఒక్కరోజు కూడ ఉండవలెను.

కళాశాల ప్రయోగశాలలో సరళ లోలకముతో గురుత్వ త్వరణమును కనుగొను విద్యార్థికి 981 రావలసిన చోట 940 వచ్చినచో, చాలమంది చేయు పని ఒకటే. పుస్తకములోని అంకెనుండి వెనుకకు లెక్కకట్టి, రికార్డులో కాలములను దిద్దుదురు. మార్కులు వచ్చును, దారము పొడవును ఎచ్చటినుండి కొలువవలెనో మాత్రము ఎన్నటికిని తెలియదు. కక్ష్యలో చిక్కిన నౌకకు కాస్మోస్ అని పేరు పెట్టుట ఇంతకంటె భిన్నమైన పని కాదు. 940ని 940గనే వ్రాసి, క్రింద కారణమును వెదకిన విద్యార్థికి మార్కులు తగ్గింపకుండుట అధ్యాపకుల చేతిలోని పని. పట్టికలోని కడపటి గడిలో "విఫలము" అను మాట ప్రక్కన "ఎందుచేత" అను మరొక గడిని చేర్చుట గ్రంథకర్తల చేతిలోని పని.